మా ఆయన ఎంచిన ఎర

ఖిదిర్‌పూర్, కోల్‌కతా
14 నవంబరు 2024

చిరంజీవి సుందర్‌కి,

మీ వదిన అమ్మన్నమ్మ దీవించి రాస్తున్న సంగతులు. ఉత్తరమన్నాక ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అంటూ మొదలుపెట్టాలి. మీరు క్షేమంగానే ఉండి ఉంటారు. మేము లేము. మా తోడికోడలు రోజారాణికి, అమ్మాయి పూజితకి నా నిండు ఆశీస్సులు. నీకు మాత్రం సగమే పెడుతున్నాను. మిగతా సగం ఈ ఉత్తరం చదివాక నువ్వేం చేస్తావో చూసి పెడతాను.

చేతిలో ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని రోజారాణితో కలిసి నవ్వుకోకు. ఫోన్ చేస్తే, వర్క్‌షాపులో ఉన్నాను వదినా, మళ్ళీ చేస్తాను అని పెట్టేస్తావు. మంగళవారం అదే చేశావు, బుధవారం అదే చేశావు. ఉత్తరాన్ని అలా పెట్టెయ్యలేవు కదా. పైగా మా ఇల్లు నీకు తెలియనిదా? వంటింట్లో గుసగుసలాడినా ముందు గదిలో మీ అన్నకి వినపడుతుంది. ఆయన ఇప్పుడు ఓడరేవు డాకు గేటు దగ్గర టీ కొట్టుకి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేలోగా నిన్ను కడిగెయ్యాలి.

మొన్న ఆదివారం దీఘాలో, మన గుంపంతా చూస్తుండగా, మీ అన్న చేతిలోంచి ఎర సంచి లాక్కుని సముద్రంలోకి విసిరేశావట. నిజమేనా? నిజం కాదని రాస్తే ఇక్కడితో ఈ ఉత్తరం చించేసి నా నోరు నేనే కొట్టుకుంటాను. కానీ నిజమే. ఆ గుంపులో ఉన్న జాబేజే చెప్పాడు.

మీ అన్న అయితే ఒక్క ముక్క చెప్పలేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని, గేలపు కర్రలు రెండూ గుడ్డలో చుట్టి అటక మీద పెట్టేశాడు. చేపలేవయ్యా అని అడిగితే సముద్రం బాగోలేదన్నాడు. సరే, ఒక్కోరోజు అంతే అనుకున్నాను. మర్నాడు పొద్దున జాబేజ్ స్టీలు గిన్నెలో పండుగప్ప ముక్కలు తెచ్చాడు, మీ వాటా అక్కా అని. సముద్రం బాగోలేకపోతే ఈ చేప ఆకాశంలోంచి పడిందా? మీ అన్న ఆ గిన్నె వైపు కన్నెత్తి చూడలేదు. జాబేజ్‌ని మెట్ల మీద ఆపి గట్టిగా అడిగాను. పాపం అబద్ధమాడటం చేతకాని మనిషి. చర్చిలో పాట పాడేటప్పుడు తప్ప గొంతెత్తని మనిషి. తల వంచుకుని మొత్తం కక్కేశాడు.

మీ అన్న ఎప్పటిలాగే రాళ్ళ గట్టు మీద కూర్చుని సంచి విప్పాడట. ఎప్పటిలాగే ఒక రొయ్య తీసి ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, బాగుంది, గుచ్చండర్రా అన్నాడట. అప్పుడు దొరవారు, అంటే నువ్వు, ఇంకో రొయ్య తీసి నీ ముక్కు దగ్గర పెట్టుకున్నావట. ఆ తరవాత సంచి లాక్కున్నావట. ఇవాళ ఈ రొయ్యలొద్దు, ఈ పాతకాలపు పద్ధతులొద్దు, నేను తెస్తాను అసలైన ఎర అని అరిచి, సంచితో సహా నీళ్ళలో పారేసి, మోహనా చేపల మార్కెట్టుకి పోయి ఎముకల్లేని ఆ స్క్విడ్ ముక్కలు తెచ్చి అందరికీ పంచావట. అందరూ పట్టారట. న్యూ టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేసుకునే ఆ హైదరాబాదు అబ్బాయి జయంత్‌కి పండుగప్ప పడిందట. మీ అన్న ఒక్కడూ గాలం వెయ్యకుండా సాయంత్రం దాకా సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడట.

ఇది రాస్తుంటే కలం కాగితానికి చిల్లు పెడుతోంది సుందర్. అంత ఒళ్ళు మండుతోంది.

నీకు మీ నాన్న మాట గుర్తుందో లేదో. భావనపాడులో మావయ్య పడవ మీద ఎంతమంది ఎక్కినా ఎర ఎంచే మనిషి ఒక్కడే. ఉత్త చేతులతో సముద్రం దగ్గరికి వెళ్ళకూడదని ఎర ఇంటి దగ్గరే ఎంచి పట్టుకెళ్ళేవాళ్ళు. గాలాలు వేసే ముందు ఆ మనిషి వాసన చూసి ఊఁ అనాలి. ఆయన చూశాక ఇంకెవరూ ముక్కు దగ్గర పెట్టుకోకూడదు. పెట్టుకుంటే ఆ మనిషిని నమ్మలేదని, నలుగురిలో చెంప మీద కొట్టినట్టని అర్థం. మావయ్య మంచాన పడ్డాక నన్నూ, నిన్నూ, మీ అన్ననీ పక్కన కూర్చోబెట్టుకుని, ఇకమీద ఎర బైరాగి సూస్తాడు, మీరు నోర్మూసుకుని గుచ్చండి అన్నాడు. డాకులో పనికని ఈ ఊరొచ్చాక కూడా మీ అన్న ఆ పద్ధతి వదల్లేదు. జాబేజ్ మన కులం కాదు, మన మతం కాదు, అయినా ఏనాడూ మీ అన్న తరవాత వాసన చూడలేదు. హైదరాబాదు అబ్బాయి కూడా నేర్చుకున్నాడు. నేర్చుకోనిది నువ్వొక్కడివే, సొంత తమ్ముడివి.

పోనీ, ఎర మంచిది కాదా? ఆ రొయ్యలు నేను చూశాను. శనివారం సాయంత్రం తెచ్చాడు. ఎప్పుడూ ఇచ్చే ముసలాయన ఛట్ పండక్కి బీహార్ వెళ్ళి ఇంకా రాలేదని పక్కనున్న కొత్త దుకాణంలో కొన్నాడు. పళ్ళెంలో పోస్తే అద్దాల్లా మెరిశాయి. తలలు ఊడలేదు, కాళ్ళు రాలలేదు, మీ అన్న వేలితో నొక్కితే గట్టిగా ఉన్నాయి. మీ అన్న వాసన చూసి పక్కన పెట్టాక నేను ముట్టుకోలేదు, అది నా పద్ధతి. ఐసు వేసి తడి గోనెలో చుట్టి వరండాలో పెట్టాడు. అలాంటి రొయ్యల్ని నువ్వు పారేశావు.

ఈవిడకేం తెలుసు ఎర గురించి అంటావేమో. నేనూ చేపలోళ్ళ ఇంట పుట్టినదాన్నే. మా అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని టెక్కలి దాకా నడిచినప్పుడు ఆవిడ కొంగు పట్టుకు నడిచినదాన్ని. విను. నీళ్ళు తేటగా ఉంటే చేప కంటితో వెతుక్కుంటుంది, అప్పుడు వెండిలా మెరిసే చిన్న చేప గుచ్చినా, జయంత్ తెచ్చే ఆ రంగుల ప్లాస్టిక్ బొమ్మ కట్టినా చెల్లుతుంది. వానలు వెళ్ళిన కొత్తలో దీఘాలో నీళ్ళు టీ రంగులో ఉంటాయి. అందులో చేపకి కన్ను పనిచెయ్యదు, వాసనే దారి. పండుగప్ప అయితే బతికున్నదాన్నే కోరుతుంది, కొయ్యంగ చేప పిల్లని పెదవికి గుచ్చి వదలాలి. గొరస, జెల్ల లాంటివాటికి రక్తం కారే చేప ముక్క కావాలి. ఏది పడుతుందో తెలియనప్పుడు అన్నీ తినేది రొయ్య. అందుకే మీ అన్న రొయ్య పట్టుకెళ్ళాడు. కెరటం దెబ్బకి ఊడిపోకుండా దారంతో ఎలా కట్టాలో నీకు నేర్పింది కూడా ఆయనే. కిందటేడు జయంత్ ఈ ఊరి చెరువుల్లో వాడే ఆవపిండి ముద్ద, అదే మసాలాలు కలిపిన చార్, డబ్బా నిండా తెచ్చాడు గుర్తుందా? ఉప్పునీళ్ళలో అది రెండు కెరటాలకి కరిగిపోయింది. అప్పుడు మీ అన్న నవ్వాడా? విసిరేశాడా? ఇది చెరువులో బాగా పనిచేస్తుంది బాబూ, రవ్వ చేపలకి పెట్టు, ఇక్కడికి ఇది తీసుకో అని తన రొయ్యలు ఇచ్చాడు. పరాయి పిల్లాడి విషయంలో అంత మర్యాద. ఆ మర్యాద నీకెక్కడ పోయింది?

ఎనిమిదో తరగతి తప్పి, ట్రంకు పెట్టె పట్టుకుని హౌరా స్టేషన్లో ఏడుస్తూ దిగినవాడివి. ఈ గదిలోనే, ఈ కిటికీ కిందే పడుకునేవాడివి. మీ అన్న రాత్రి షిఫ్టు చేసి వచ్చి, నిద్ర కూడా పోకుండా నిన్ను బాబూఘాట్‌కి తీసుకెళ్ళి గాలం పట్టుకోవడం నేర్పాడు. లిలువా రైల్వే వర్క్‌షాపులో నీకు పనొచ్చిన రోజు నీకంటే ముందు ఆయన ఏడ్చాడు. ఇవన్నీ దెప్పడానికి రాయడం లేదు. కాదు, దెప్పడానికే రాస్తున్నాను. దెప్పాల్సిన పనే చేశావు నువ్వు.

ఇంట్లో ఇప్పుడు ఎలా ఉందో తెలుసా? మనిషి తిండి మానేశాడు. మానెయ్యడమంటే పూర్తిగా కాదు, రెండు ముద్దలు కెలికి లేచిపోతాడు. అసలే శ్రావణంలో ఆ జ్వరం పడి లేచినప్పటి నుంచీ నా వంట మీద పడ్డాడు. పులుసులో మెంతులెయ్యటం మానీసేవేటి అంటాడు. అప్పుడే దంచి వేశానయ్యా, ఇల్లంతా అదే వాసన అంటే నమ్మడు. ఈ ఊరి చేపల్లో రుచి సచ్చిపోయింది అంటాడు. ఇన్నేళ్ళు నా చేతి పులుసు కోసం మీ అన్న డాకు స్నేహితులంతా క్యారేజీలు పట్టుకుని గుమ్మంలో నిలబడేవాళ్ళు. ఇప్పుడు నాకు వండటం రాదట! ఆ కోపమే ఇంకా తీరలేదు, పైగా ఇది తెచ్చిపెట్టావు.

నిన్న చూడు ఏం జరిగిందో. పొయ్యి మీద పాలు పెట్టి, చూస్తూ ఉండమని చెప్పి నేను కిందికి కూరగాయల బండి దగ్గరికి వెళ్ళాను. ఈయన వంటింటి గుమ్మంలోనే స్టూలు వేసుకుని, పొయ్యి వైపు వీపు పెట్టి పేపరు చూస్తున్నాడు. పాలు ఇగిరిపోయి, గిన్నె మాడి నల్లబడిపోయి, ఆ కంపు మెట్ల దాకా వచ్చింది. కింద వాటాలో ఉండే బెంగాలీ ఆవిడ, మన బౌదీ, పరిగెత్తుకుంటూ వచ్చి తలుపు బాదితే తప్ప ఈయన లేవలేదు. మూరెడు దూరంలో గిన్నె మాడుతుంటే తెలియనంత పరధ్యానం! నువ్వు చేసిన అవమానం మనిషిని ఎంత లోపల తినేస్తోందో చూడు. బౌదీ ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఏం చెప్పను ఆవిడకి, తమ్ముడు ఎర సంచి విసిరేశాడని చెప్పనా?

ఇంకా విను. నిన్న సాయంత్రం జాబేజ్‌కి ఫోన్ చేసి, ఆ కర్రలు నువ్వు తీసికెళ్ళిపో, నాకింక అక్కర్లేదు అన్నాడు. నేను పక్కనుండి విన్నాను. మీ అన్న గేలపు కర్ర ఇచ్చేస్తాడా? ఆదివారం సముద్రం లేకపోతే ఆ మనిషికి మిగిలేదేమిటి? డాకు పని అయిపోయింది, మోకాళ్ళు అయిపోయాయి. నెలకి ఒకటి రెండుసార్లు నలుగురు మనుషులు ఆయన ఊఁ అనే దాకా గాలాలు పట్టుకుని ఎదురుచూస్తారు. ఆ ఒక్క ఊఁ కోసమే ఆయన మిగతా రోజులన్నీ బతుకుతున్నాడు. దాన్ని నువ్వు నీళ్ళలో పారేశావు.

ఇరవై నాలుగో తారీఖు ఆదివారం ఫ్రేజర్‌గంజ్ సముద్రానికి వెళ్తున్నారని, ఎర సుందర్ చూస్తాడని అనుకుంటున్నారని జాబేజ్ నసుగుతూ చెప్పాడు. నువ్వు చూస్తావా? నువ్వు? మీ అన్న బతికుండగా?

నేను చెప్పేది ఒక్కటే. ఆ ఇరవై నాలుగు లోపు నువ్వు ఈ ఇంటికి రావాలి. ఆ రోజు చూసిన నలుగురినీ వెంటబెట్టుకుని రావాలి. వాళ్ళ ముందే తప్పయిపోయింది అన్నా అనాలి. ఎర నువ్వే ఎంచు అని అడగాలి. అలా వస్తే నేను పులుసు పెడతాను, మెంతులు వేసే పెడతాను. రాకపోతే నీకు అన్న లేడు, వదిన లేదు. రోజారాణీ పూజితా ఎప్పుడైనా రావచ్చు.

ఆయన మెట్లెక్కుతున్న చప్పుడవుతోంది. ఉంటాను.

ఇట్లు,
నిన్ను కన్నతల్లిలా చూసుకుని ఇప్పుడు తల బాదుకుంటున్న
మీ వదిన,
అమ్మన్నమ్మ


లిలువా
18 నవంబరు 2024

గౌరవనీయులైన వదిన గారికి,

మీ మరిది సుందర్ నమస్కరించి రాయడమేమనగా, మీరు పోస్టులో పంపిన తిట్లన్నీ ఒక్కటీ తగ్గకుండా అందాయి. నన్ను కడిగెయ్యాలని రాశారు. కడిగారు. ఇక నా వంతు. ఈ ఉత్తరం మా అన్నకి చదివి వినిపించాలి. దాచిపెట్టొద్దు, మధ్యలో మాటలు మింగొద్దు.

నేను చేసినదాంట్లో నాకు తప్పేమీ కనపడటం లేదు. దీఘాలో తెల్లవారేసరికి పడవలు దిగి, చేపలు కుప్పలు పోసి అమ్ముతారు. అలాంటి చోటికి ఖిదిర్‌పూర్ నుంచి రొయ్యలు మోసుకెళ్ళే మనిషి ఈ లోకంలో మా అన్న ఒక్కడే. ఉత్త చేతులతో వెళ్ళకూడదట! అది నాన్న పడవకి పెట్టుకున్న మాట. రైలెక్కి వెళ్ళేవాళ్ళకి కాదు. రొయ్య మెత్తన, రెండు కెరటాలకి ఊడిపోతుంది, దారం కట్టినా ఊడుతుంది. స్క్విడ్ తోలులా సాగుతుంది, జెల్ల పీకినా గాలాన్ని వదలదు. ఆ రోజు అందరికీ చేప పడిందా లేదా? పడింది. అదే నా జవాబు.

వాసన చూడటం తప్పన్నారు. యాభై ఐదేళ్ళొచ్చాయి నాకు. నా గాలానికి గుచ్చే ఎర నేను వాసన చూసుకుంటే ఎవరి పరువు పోయింది? అంత సున్నితం పనికిరాదు. వాటా పంపిన చేప ముక్క కూడా తినకుండా మూతి ముడుచుకుని కూర్చున్నాడంటే అన్నకి వయసైపోయిందని నేను అనుకోవాల్సి వస్తుంది.

ఇంటికొచ్చి నలుగురి ముందు తల వంచమన్నారు. వంచను. ఆదివారం ఫ్రేజర్‌గంజ్‌లో ఎర నేనే ఎంచుతాను. ఇకమీద ప్రతిసారీ నేనే. స్క్విడ్ తప్ప రొయ్య ముట్టనివ్వను. అన్నకి అభ్యంతరం ఉంటే అటక కింద కూర్చుని అలగటం కాదు, కర్ర దింపి, సంచి భుజాన వేసుకుని, అక్కడికి వచ్చి నా మొహాన చెప్పమనండి. రాలేకపోతే ఆ కర్రలు జాబేజ్‌కి ఎందుకు, నాకే ఇమ్మనండి. పూజితకి బట్టలారేసుకోవడానికి పనికొస్తాయి.

ఇట్లు,
ఎవరి ముందూ తల వంచాల్సిన అవసరం లేని
సుందర్

తా.క.

వదినా, ఇది వేరే కాగితం. పై ఉత్తరం కవరులో పెట్టాను, ఇది రోజా చేతి సంచి అడుగున పెట్టి పంపుతున్నాను. అన్న లేనప్పుడు చదువుకుని చించెయ్యి.

ఆ రొయ్యలకి మందు పెట్టారు వదినా. నాలుగు రోజులైనా అద్దంలా మెరవడానికి కొందరు కలుపుతారు చూడు, అది. పళ్ళెంలో దూరం నుంచి చూసిన నీకు తెలియలేదేమో, రాత్రంతా చుట్టి ఉంచిన సంచి విప్పగానే ఆసుపత్రి గది తలుపు తీసినట్టు గుప్పుమంది. గాలి నా వైపు వీస్తోంది కాబట్టి ముందు నాకే తెలిసింది. అన్న అప్పటికే ఒక రొయ్య ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అన్న ఎప్పుడూ ఒక్కసారే చూస్తాడు, అది నీకు తెలుసు. ఆ రోజు చూశాడు, కళ్ళు మూసుకుని మళ్ళీ చూశాడు. తరవాత మా అందరి మొహాలూ ఒకసారి చూసి, బాగుంది, గుచ్చండర్రా అన్నాడు.

పొరపాటేమోనని నేనొకటి తీసి చూశాను. పొరపాటు కాదు. అన్నకి వాసన తెలియటం లేదు.

పక్కనే జయంత్ సంచిలో చెయ్యి పెట్టబోతున్నాడు. మంచి పిల్లాడు, కానీ మనసులో ఉన్నది నోట్లో ఆగదు. ఇదేంటంకుల్, మందు కంపు కొడుతోంది అని ఆ క్షణంలోనే అనేసేవాడు. జాబేజ్ వినేవాడు. ఆ మాట గట్టు మీద పడ్డాక ఇంక తిరిగి తీసుకోలేం. పాపం బైరాగి దాదాకి ముక్కు పోయింది అని జాలి పడతారు. జాలితోనే ఇంకోసారి పిలుస్తారు, పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇస్తారు, ఎర మాత్రం అడగరు. నాకు ఇంకేం తోచలేదు. సంచి లాక్కుని విసిరేసి నోటికొచ్చిందల్లా అరిచాను. నేను పొగరుబోతునని అందరూ అనుకోనీ. అన్న పనికిరాకుండా పోయాడని మాత్రం ఒక్కడూ అనుకోకూడదు.

నువ్వు అడిగిన ప్రతి ప్రశ్నకీ నా దగ్గర జవాబుంది. ఫోన్లో ఎలా చెప్పను? వంటింట్లో గుసగుసలాడినా అన్నకి వినపడే ఇల్లు అది. అందుకే పనిలో ఉన్నానని పెట్టేశాను. పెట్టేసిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇంకా నమ్మకం చాలక, తిరిగొచ్చే రైల్లో దూరంగా కూర్చుని అన్ననే చూస్తూ ఉన్నాను. కాంథీ స్టేషన్లో ఒకాయన ఎండుచేపల గంప తెచ్చి, కిటికీలోంచి బయటికి చూస్తున్న అన్న సీటు కింద తోశాడు. మూత ఊడిపోయింది. రైలు పెట్టెలో ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు, జనం ఒక్కొక్కరే లేచి అవతలికి పోయారు. అన్న ఒక్కడే అక్కడ కూర్చున్నాడు. పోతున్న ఒకాయన్ని ఆపి, ఏటయింది దాదా, అందరూ లేచిపోతన్నారేటి అని అడిగాడు. ఆయన సీటు కిందికి వేలు చూపించి పోయాడు. అన్న వంగి చూశాడు. చాలాసేపు అలా వంగే ఉన్నాడు వదినా. తరవాత తను కూడా చొక్కా అంచు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

అంటే అన్నకి తెలుసు. తెలిసే దాస్తున్నాడు. నీ దగ్గర కూడా.

ఆ కొత్త దుకాణం వాణ్ణి ఏం చెయ్యాలో తరవాత చూసుకుందాం. వాడి మీద నాకున్న కోపం ముందు నువ్వు తిట్టిన తిట్లు ఒక లెక్క కాదు. ముందు ఈ పని చెయ్యి. రోజా ఒక చిన్న డబ్బా ఇస్తుంది. గ్యాస్ బయటికొస్తే కూత పెడుతుంది, వంటింట్లో పొయ్యి దగ్గర తగిలించు. పాలగిన్నె సంగతి చదివాక వెంటనే పోయి కొన్నాను. ఆ రోజు మాడింది పాలే కాబట్టి సరిపోయింది. అన్నని పొయ్యి దగ్గర ఒంటరిగా వదలకు. డబ్బా ఏమిటని అడిగితే, రైల్వే క్వార్టర్లన్నిటికీ పెడుతుంటే రోజా మనకీ ఒకటి తెచ్చిందని చెప్పు. ముక్కు డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్తాను, జ్వరం తరవాత పోయిన వాసన కొందరికి తిరిగొస్తుందని మా వర్క్‌షాపు డాక్టరు అన్నాడు. తన మాటగా అన్నే నోరు తెరిచి చెప్పేదాకా రెండు మూడు వారాలు ఆగుదాం. చెప్పకపోతే అప్పుడు నువ్వూ నేనూ కలిసి అడుగుదాం.

కవరులో ఉన్న ఉత్తరం గట్టిగా చదివి వినిపించు. ముఖ్యంగా బట్టలారేసుకునే మాట. ఆ మాట రాయడానికి నేను నాలుగు కాగితాలు చించాను. అన్న సంగతి నాకు తెలుసు. బుజ్జగిస్తే ఇంకా ముడుచుకుపోతాడు, రోషమొస్తే లేస్తాడు. అటక మీద కర్రలు దింపి, శనివారం సాయంత్రం సంచి పట్టుకుని బజారుకి బయల్దేరతాడు. నువ్వూ వెళ్ళు. పసుపో కారమో కొనాలని చెప్పు. రొయ్య ముందు నువ్వు వాసన చూసి అన్న చేతికివ్వు. అన్న తరవాత ఎవరూ చూడకూడదన్నాడు నాన్న, ముందు చూడకూడదని అనలేదు. ఫ్రేజర్‌గంజ్‌లో అన్న సంచి విప్పి ఊఁ అనగానే అందరికంటే ముందు నేనే గుచ్చుకుంటాను. ఎవరి ముందు ఎలా తల వంచాలో అక్కడ వంచుతాను.

అప్పటిదాకా నా తరఫున ఒక్క మంచి మాట కూడా అనకు. రోజూ అన్న వినేలా నన్ను తిడుతూ ఉండు, నీకు బాగా వచ్చు కదా. నా మీద మండిపడుతున్నంతసేపైనా అన్న తన ముక్కు గురించి ఆలోచించకుండా ఉంటాడు.

సుందర్